కొత్త సబ్బు

"యోని దగ్గర సబ్బు వాడకమ్మా, వట్టి నీళ్లు చాలు. ఈ మంటకు నీ రుద్దుడే కారణం," అంది డాక్టరమ్మ.

మానస తలెత్తలేదు. తను పనిచేసే మిర్యాలగూడ రైస్‌మిల్లులో ఊక దుమ్ముకే దురద అనుకుంది. పని దిగగానే సబ్బుతో గట్టిగా రుద్దుకోమని నేర్పింది పక్కన కూర్చున్న తోటికోడలు సువర్ణే.

"ఇంక లోపలి బట్టలు..." డాక్టరమ్మ చెప్పబోయింది.

"కాటన్‌వే వేస్కోవాలె. చెమటకు తడిస్తె ఎంటనే మార్చాలె. సెంటు వాసనొచ్చే ప్యాడ్లు వద్దు," సువర్ణ గబగబా అనేసింది.

మానస ఆమె వైపు తిరిగింది. బయటికి రాగానే అడిగింది.

"నీకెట్ల తెలుసక్కా?"

"పోయినేడు నాకు గిట్లనే అయింది. గీ డాక్టరమ్మకే సూపించుకున్న."

"మరి నాకెందుకు చెప్పలే?"

సువర్ణ చెప్పుల వైపు చూసింది. "నేర్పింది నేనే గద. తప్పని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె? సిగ్గయింది."

ఆటో వచ్చి ఆగింది. మానస ఎక్కలేదు.

"సిగ్గయితే చెప్పకపోతివి, సరే. మొన్న కొత్త సబ్బు విప్పి నా చేతిల పెట్టింది నువ్వే గదక్కా."