ఎలుగుబంటి డబ్బా

ఒకే డబ్బా మీద రెండు చేతులు పడ్డాయి.

ఒకటి విజేతది. రెండోది ఎవరో ముసలాయనది.

ఐర్లాండ్‌లోని కార్క్ ఊళ్ళో, వాడిన సామాన్లు అమ్మే చారిటీ షాపు అది. రెయిన్‌కోటు కోసం వచ్చింది విజేత. పింగాణీ కప్పుల పక్కన నల్లగా, బిందెంత ప్లాస్టిక్ డబ్బా కనబడగానే ఆమె గుండె ఎగిరి గంతేసింది.

ఎలుగుబంట్లు తెరవలేని డబ్బా!

"అది దొరికితేనే కెనడా కొండలు. లేదంటే హోటలూ, టూరిస్టు బస్సూ," అని మొగుడు రుత్విక్ తేల్చి చెప్పేశాడు. ఎలుగుబంట్లే లేని ఐర్లాండ్‌లో ఏ షాపులో అడిగినా నవ్వారు. ఆర్డరిస్తే ప్రయాణం తేదీ దాటాక గానీ రాదన్నారు.

"సారీ, ఇది నేను ముందు చూశాను," అంది విజేత.

ముసలాయన చెయ్యి తియ్యలేదు.

"ఏం చేసుకుంటావ్ దీన్ని?"

"తిండి దాచుకుంటాను. ఎలుగుబంట్లకి అందకుండా."

"కార్క్‌లోనా?"

"కెనడాలో. కొండల్లో నడక, గుడారంలో మకాం."

"గట్టి గుడ్డ సంచులొచ్చాయిగా? తేలిక. చెట్టుకి కట్టేస్తే సరి."

రుత్విక్ కూడా మొదట అచ్చం ఇలాగే వాదించి, ఆమె జవాబు విన్నాకే డబ్బా ఉండాల్సిందేనన్నాడు.

"మేం వెళ్ళే ఎత్తులో చెట్లుండవు. సంచి చిరక్కపోయినా, ఎలుగు నమిలిందంటే లోపల చపాతీలు పచ్చడైపోతాయి."

"సబ్బూ, టూత్‌పేస్టూ?"

"వాసనొచ్చేవన్నీ ఇందులోకే. గుడారంలో చాక్లెట్ ముక్క కూడా ఉంచను."

"అయినా ఇది పాతది. మూతనిండా గీతలు."

విజేత వేలితో తడిమి చూసింది. కళ్ళు మెరిశాయి.

"గోళ్ళ గీతలు! అంటే పరీక్ష పాసైన డబ్బా ఇది."

ఇక ప్రశ్నలకి జవాబు చెప్పే ఓపిక లేక డబ్బాని తనవైపు లాక్కుంది.

ముసలాయన గట్టిగా నవ్వి చెయ్యి తీసేశాడు.

"గ్రాండ్. తీసుకో అమ్మాయ్. వాగు పక్కన మాత్రం పెట్టకు, ఎలుగు నీళ్ళలోకి దొర్లించేస్తుంది. రాళ్ళ మధ్య ఇరికించు."

వెళ్తూ మూత మీద అరచేత్తో మెల్లగా తట్టాడు.

మనసు మార్చుకుంటాడేమోనని విజేత గబగబా కౌంటర్ దగ్గరికి పోయింది. థాంక్స్ చెప్పడం కూడా మర్చిపోయింది.

కెనడా కొండల్లో ఓ తెల్లవారుజామున రుత్విక్ ఆమెని కుదిపి లేపాడు.

"విజ్జీ, చుట్టం వచ్చింది!"

గుడారం సందులోంచి చూశారు. దూరంగా, రాళ్ళ మధ్య ఇరికించిన డబ్బా దగ్గర నల్లటి ఎలుగు. నాకింది. కొరికింది. పైకెక్కి కూర్చుంది. రెండు చేతులా కావలించుకుంది. రుత్విక్ చప్పుడు కాకుండా ఫొటో తీశాడు.

చివరికి ఎలుగు విసుగొచ్చినట్టు ఓ తుమ్ము తుమ్మి, కొండెక్కి వెళ్ళిపోయింది.

చాలాసేపయ్యాక డబ్బా తెరిచారు. అటుకులూ, గోంగూర పొడీ చెక్కుచెదరలేదు.

"నేను చెప్పిన సంచే తెచ్చుంటేనా, గోంగూర పొడి మింగేసి మంచినీళ్ళకి మన దగ్గరికే వచ్చేది," అన్నాడు రుత్విక్.

ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకుంటూ ఎండపొడలో కూర్చుని ఉప్మా తిన్నారు. అంత రుచైన ఉప్మా విజేత జన్మలో తినలేదు.

కార్క్‌కి తిరిగి రాగానే ఆ ఫొటో ప్రింటు తీయించి షాపుకి పరిగెత్తింది.

"డబ్బా కోసం నాతో పోటీపడ్డ పెద్దాయన మళ్ళీ వచ్చారా?"

షాపు చూసుకునే నోరా తల అడ్డంగా ఊపింది.

"డోనల్ గారా? ఇక రారు. ఇల్లు ఖాళీ చేసి స్లైగో ఊళ్ళో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు."

విజేత ముఖం చిన్నబోయింది.

"అయ్యో! పాపం, ఆయన కొనుక్కుందామనుకున్నది నేను లాగేసుకున్నాను. కనీసం ఈ ఫొటో అయినా చూపిద్దామని..."

డబ్బాని కావలించుకున్న ఎలుగుని చూసి నోరా పకపకా నవ్వింది.

"ఇటివ్వు, నేను పంపిస్తా. గోడకి తగిలించుకుంటారు."

ఆ తర్వాత నెమ్మదిగా అంది.

"కొనడానికి కాదమ్మా ఆయన వచ్చింది. భార్యతో కలిసి కొండలన్నీ తిరిగిన డబ్బాని మాకు ఇచ్చేసి, దాన్ని మళ్ళీ కొండలెక్కించే మనిషి దొరికేదాకా రోజూ వచ్చి పక్కనే నిలబడేవారు."