నీసు అనుమానం

"దీన్లో నీసుందేమో కాస్త రుసి సూసి సెప్పు బావా."

విశాఖ పోర్టులో పనిచేసే నీలకంఠం మకరోని డబ్బా కోసి, పక్కవాటా దాలయ్య ముందు పెట్టాడు. ఓడవాళ్లు ఇచ్చిన డబ్బా అది. భార్య సంవత్సరీకం అయ్యేవరకూ నీలకంఠం నీసు ముట్టడు.

జాలరిపేటలో చేపల మధ్య పెరిగిన దాలయ్య ఓ చెంచాడు తిన్నాడు. "టమాటా పులుసులాగుంది. నీసు నేదు."

"మాంసం ఉడికించిన నీళ్లు పోసుంటారేమో. ఇంకొంచెం తిను."

ఇంకొంచెం తిన్నాడు. "నేదు బావా. నువ్వు తిను."

"సల్లారితే వాసన తెలుస్తాదేమో. కూకో, తొందరేటి?"

దాలయ్య కూర్చున్నాడు. నిన్న కూడా ఇలాంటి డబ్బానే, ఇదే అనుమానం. గోడవారన రెండు పీటలు వాల్చి ఉన్నాయి. రెండు కంచాలు కడిగి పెట్టి ఉన్నాయి. గిన్నెలో ఉన్న అన్నం ఒక్క మనిషికి వండింది కాదు.

"రేపు కూడా తెస్తావేటి?"

"ఓడ ఎళ్లిపోయింది బావా. ఇదే ఆకరిది," అన్నాడు నీలకంఠం, డబ్బాలోకి చూస్తూ.

దాలయ్య పీట దగ్గరకు లాక్కున్నాడు.

"అయితే రేపు పప్పుసారు పెట్టు. దాన్లో నీసుందో నేదో నానొచ్చి సూస్తాను."