రెండు గుండ్రటి కిటికీలు

"ఏ దరిద్రుడు పీక్కుపోయాడో గానీ, వాడి చేతులు పడిపోను!"

పడవాయన తిట్టిన తిట్టు రేవంతా వినబడింది.

తిట్టడానికి కారణం ఉంది. ఉద్యోగం అయిపోయాక అద్దె గదిలో ఒంటరిగా ఉండలేక, పది చేతులు మారిన ఆ పాత ఇనుప పడవ కొన్నాడు. ఇప్పుడు అందులో ఒంటరిగా ఉంటున్నాడు.

పడక గదికి ఉండాల్సిన రెండు గుండ్రటి కిటికీలను ఎవరో ఎప్పుడో విప్పేసుకుని, ఆ కంతలకు బయటి నుంచి రేకులు అతికించారు. పట్టపగలే దీపం వేసుకోవాలి. వానొస్తే రేకుల సందుల్లోంచి నీళ్లు మంచం మీదికే.

నా అన్నవాళ్లలో మిగిలింది ఒక్క అక్క. ఆవిడొకసారి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈ చీకటి కొట్లో నేనుండలేనురా తమ్ముడూ. కిటికీలు పెట్టించు, వచ్చి నీ దగ్గరే ఉంటాను."

అప్పటి నుంచి కంత కొలతకు అట్టముక్క కత్తిరించి, బోల్టులు పట్టే చోట్ల చిల్లులు పొడిచి, అది జేబులో పెట్టుకుని పాత ఇనుము కొట్లన్నీ కాళ్లరిగేలా తిరుగుతున్నాడు. ఒక కిటికీ పెద్దది, ఇంకోటి చిన్నది. హమ్మయ్య, సరిపోయిందనుకుంటే చిల్లులు కలవవు.

"ఈ సైజు కిటికీలున్న పడవలు ఎప్పుడో కరిగి గరిటెలైపోయాయి సార్," అన్నాడు రేవు చివరి కొట్టాయన.

ఆ కోపమే ఇవాళ్టి తిట్టు.

రేవు మెట్ల మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. రోజూ సాయంత్రం వచ్చి పడవ వంక చూస్తూ కూర్చోవడం తప్ప ఆయనకు వేరే పనున్నట్టు లేదు.

"ఏదో అవసరం పడి పీక్కుని ఉంటార్లే బాబూ."

"మధ్యలో మీరెందుకు వెనకేసుకొస్తారు?"

ముసలాయన మెల్లగా లేచి దగ్గరికొచ్చాడు.

"ఒక్కసారి లోపలికి రానా బాబూ? చూసి వెళ్లిపోతాను."

"చూడ్డానికి ఏముంది, చీకటి! కిటికీలు పెట్టాక పిలుస్తాను, అప్పుడొద్దురుగాని."

వదిలించుకోవడానికి అన్న మాట అది.

"తప్పకుండా పిలు బాబూ. ఆ పైన, పసుపు గోడ ఇల్లే."

"సరే, సరే."

వారం తిరక్కుండా కొట్టాయన ఫోన్ చేశాడు.

"సార్, మీ పంట పండింది! రెండు ఇత్తడి కిటికీలు. ఎవరో పెద్దాయన తోపుడు బండి మీద తెచ్చాడు. డబ్బులొద్దట, మీకే ఇమ్మన్నాడు."

"మా అట్టముక్కకి సరిపోతాయా? కొలత చూశావా?"

"చూడబోతే అక్కర్లేదన్నాడు సార్."

ఆ సంతోషంలో పడవాయనకు ఇంకేమీ అడగాలని తోచలేదు. రేకులు కోయించాడు. బోల్టులన్నీ ఒక్కటీ మొరాయించకుండా దిగిపోయాయి. మంచం మీద ఎండ రెండు కంచాల్లా పడింది.

అక్క వచ్చేసింది. ఇన్నాళ్లూ గోడలతో మాట్లాడిన మనిషికి మాట్లాడేందుకు మనిషి దొరికింది. రేవు మెట్లు ఖాళీగా ఉంటున్నాయని గమనించాడు గానీ, పట్టించుకోలేదు.

ఒకరోజు అద్దం తుడుస్తూ అక్క అడిగింది.

"ఇంత మంచివి ఎవరిచ్చార్రా?"

"ఎవరో పెద్దాయన..." అంటూనే ఆగిపోయాడు. చొక్కా తగిలించుకుని గబగబా మెట్లెక్కాడు.

పసుపు గోడ ఇంటికి తాళం. గోడకు పక్కపక్కనే రెండు గుండ్రటి కంతలు, వాటి నిండా కుక్కిన గోనె సంచులు.

జేబులో అట్టముక్క ఇంకా ఉంది. తీసి కంతకు ఆనించాడు. అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

"ఎవరు కావాలండీ?" పక్కింటావిడ బయటికొచ్చింది.

"ఇక్కడుండే పెద్దాయన..."

"మొన్ననే పోయాడండీ. ఆ కిటికీలు పీకేశాక ఇంటినిండా చలిగాలి, జ్వరం. ఒంట్లో బాగోకపోయినా వింటేగా! పడవలోకి పిలుస్తారంటూ, ఉతికిన చొక్కా తొడుక్కుని రోజూ గుమ్మంలోనే కూర్చున్నాడు."

పడవాయన వెనక్కి తిరిగి రేవు వంక చూశాడు. ఒక్క పిలుపు. కేకేస్తే వినబడేంత దూరం.

"పిలవాల్సింది... నేనేనమ్మా."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఆయనా, ఆయన భార్యా కాపురం చేసింది ఆ పడవలోనే బాబూ. ఆవిడ పోయాక అమ్మేస్తూ, ఆవిడ మంచం పక్కనుండే ఆ రెండు కిటికీలు మాత్రం విప్పి తెచ్చుకున్నాడు."