రూపకం రాని ఎమ్మే

“‘ఆమె ముఖం చంద్రుడిలా ఉంది.’ ఏ అలంకారం?”

భానుమూర్తి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. “రూపకమండీ.”

రాజ్యలక్ష్మి పెదవి విరిచింది. ఆమె పటమటలో ఆడపిల్లల కాలేజీలో తెలుగు లెక్చరరు. హనుమాన్ జంక్షన్ నుంచి బెల్‌బాటమ్ ప్యాంటేసుకుని దిగిన ఈ తెలుగు ఎమ్మేకి ఆ ‘లా’ చెవిన పడలేదా?

“పోనీ, ‘ముఖచంద్రుడు’?”

“అది ఉపమండీ.”

తప్పు చెప్పడంలో మాత్రం తడబాటు లేదు.

“మావాడు ఫస్టుక్లాసమ్మా,” అన్నాడు అతన్ని వెంటబెట్టుకొచ్చిన పెద్దమనిషి అచ్యుతరామారావు.

“ఎమ్మే అని రాశారు కాబట్టే రమ్మన్నామండీ. లేకపోతే మీకీ బస్సు శ్రమ తప్పేది.”

ఆయన ముఖం మాడిపోయింది.

ఇలాంటివాడితో రోజూ వేగడం ఎలా అనుకుంది రాజ్యలక్ష్మి. రేపు పదిమందిలో ఇతను నోరు తెరిస్తే తన పరువేం కాను?

“వినండి. ఒకణ్ణి ‘మొద్దులా కూర్చున్నాడు’ అన్నామనుకోండి. మొద్దుతో పోలుస్తున్నాం. అది ఉపమ. ‘వాడు మొద్దు’ అన్నామనుకోండి. ఇక పోల్చేదేమీ లేదు, వాడే మొద్దు. అది రూపకం. ఇప్పుడు చెప్పండి, రెండింటికీ తేడా ఏమిటి?”

“మొదటిదాంట్లో కాస్త మర్యాద ఉందండీ.”

పక్కగదిలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజ్యలక్ష్మి నవ్వలేదు.

“ఆఖరి ప్రశ్న. మీరే ఒక రూపకం చెప్పండి.”

అతను కాసేపు ఆమెనే చూశాడు.

“మీరు నిప్పండీ.”

ఇంతసేపట్లో ఇదొక్కటే సరైన జవాబు. అదైనా అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు తను చెప్పాక వచ్చింది. గొప్పేముంది?

“ఒక్కదానికి పాసు మార్కులు రావండీ.”

అచ్యుతరామారావు కండువా దులుపుకుని లేచాడు. “కబురెప్పుడు చేస్తారమ్మా?”

“ఎదురుచూడకండి.”

భానుమూర్తి ఆమెకి నమస్కారం పెట్టాడు. ఆమె కిటికీ వైపు చూసింది.

వాళ్లిద్దరూ వీధి గుమ్మం దాటారో లేదో, తలుపు చాటునుంచి తల్లి నెత్తి బాదుకుంటూ వచ్చింది: “పెళ్లిచూపులకి ముస్తాబై కూర్చున్న పిల్లవి, వచ్చిన ప్రతి పెళ్లికొడుకునీ ఇలా ఫెయిలు చేసి పంపిస్తే ఎలాగే?”