పాతదానిలాగే ఉంది

"మళ్ళీ ఎర్రగీతే! ఈ మాయదారి పెట్టె నా మాట వినదు," అంటూ నజీహా కీబోర్డును అవతలికి నెట్టేసింది.

ట్యునీషియాలో మహ్దియా రేవు పక్కనున్న సార్డీన్ చేపల డబ్బాల కంపెనీ అది. పాత పాస్‌వర్డుకు ఆ రోజుతో గడువు అయిపోయింది. కొత్తది పెడితే గానీ ఆమె కంప్యూటరు తెరుచుకోదు. గేటు దగ్గర లారీలు ఆమె కొట్టే చీటీల కోసం ఆగి ఉన్నాయి.

కంప్యూటర్లు చూసే వజ్దీ పరుగున వచ్చాడు. "ఏమంటోంది పిన్నీ?"

"పాతదానిలాగే ఉందంటోంది. నువ్వు చెప్పినట్టే పెట్టాను కదయ్యా! పొడుగ్గా ఉండాలన్నావు, మర్చిపోలేని వాక్యమై ఉండాలన్నావు."

పక్క బల్ల నుంచి జుహైర్ నవ్వుతూ అందుకున్నాడు. "నాది చూడు, 'కూరలో హరీసా కారం ఇంకాస్త వెయ్యి'. మా ఆవిడకి రోజూ చెప్పేదే, చచ్చినా మర్చిపోను."

"అలా బయటికి చెప్పేస్తారా! ఇక మీరూ మార్చాల్సిందే," అని వజ్దీ తల పట్టుకున్నాడు. "పిన్నీ, ఒక్క మాట మారిస్తే చాలదు. వాక్యమంతా మారాలి. మీరేం మార్చారు?"

"కాలం. పోయినసారి 'తీజానీ చలికాలానికి ఇంటికొస్తాడు' అని పెట్టాను. చలికాలం వెళ్ళిపోయింది కదా! ఇప్పుడు ఎండాకాలానికి అన్నాను. అంతే."

జుహైర్ నవ్వు ఆగిపోయింది. వజ్దీ ఊరికి కొత్త, పాపం అతనికేం తెలుసు! జుహైర్ అతన్ని పక్కకు లాగి మెల్లగా చెప్పాడు. తీజానీ ఆమె భర్త. చేపల వేటకు వెళ్ళి రెండేళ్ళయింది. పడవ చెక్కలు మాత్రమే ఒడ్డుకు కొట్టుకొచ్చాయి.

వజ్దీ గబగబా ఆమె దగ్గరికొచ్చాడు. "ఉండండి పిన్నీ, మీ ఒక్కరికీ ఆ రూలు తీసేయిస్తాను," అని మేనేజరు గదిలోకి వెళ్ళాడు.

"ఒకరికి తీస్తే అందరూ నా నెత్తినెక్కుతారు!" అని లోపల మేనేజరు అరిచాడు. వజ్దీ కాళ్ళావేళ్ళా పడ్డాడు. చివరికి వెలిగిపోతున్న ముఖంతో బయటికొచ్చాడు.

"ఒప్పుకున్నాడు పిన్నీ! మీ వాక్యమే పెట్టుకోండి."

నజీహా కంప్యూటరు అప్పటికే తెరుచుకుని ఉంది. ఆమె లారీల చీటీలు కొడుతోంది. చెంపలు తడిగా ఉన్నాయి.

"అక్కర్లేదు నాయనా. వేరేది పెట్టేశాను. చాలా బలంగా ఉందని పచ్చగీత కూడా చూపించింది."

"అమ్మయ్య! మర్చిపోరు కదా? ఎవరికీ చెప్పకండి మరి."

"చెబితే ఏముందిలే! నేను తప్ప ఈ ఊళ్ళో అందరూ ఎప్పుడో ఒప్పుకున్న మాటే," అంటూ ఆమె తలగుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుంది. "'మా ఆయన సముద్రంలో పోయాడు. ఇక రాడు.'"