తిరుగు టికెట్టు

"ఇక్కడ సంతకం పెట్టండమ్మా. మీ అమ్మాయి షీబా షిప్పు కోర్సు ఫీజు కట్టేస్తాం. దీంతో ట్రస్టు డబ్బంతా అయిపోయినట్టే," అన్నారు బందరు ట్రస్టు ఆఫీసులో సెక్రటరీ శామ్యూల్ రాజ్.

ధనమ్మ కలం ఆగింది. "మీరు చదివిస్తే ఓడెక్కిన ప్రతి పిల్లాడూ మొదటి జీతం ట్రస్టుకి పంపుతాడు కదండీ?"

"ఈసారి క్రాంతి పంపాలి. వాడెక్కిన ఓడని ఓనరు పరాయి దేశం రేవులో వదిలేసి పోయాడు. ఎనిమిది నెలలుగా జీతం లేదు. కొడుకుని ఇంటికి రప్పించుకోడానికి టికెట్టు డబ్బులడుగుతూ వాళ్ళమ్మ రోజూ వస్తోంది."

"ఏం చెప్పారు?"

"ట్రస్టు ఉన్నది చదివించడానికి, వెనక్కి తేవడానికి కాదన్నాను."

ధనమ్మ గుమ్మం వైపు చూసింది. మెట్ల మీద షీబా కొత్త పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"రేపు మా పిల్లకీ ఇలాగే అయి నేనొచ్చినా ఇదే మాట చెబుతారు." కలానికి మూత పెట్టింది. "ఈ డబ్బుతో ముందా పిల్లాణ్ణి రప్పించండి."

"అలాగైతే మీ పిల్లకి ఫీజు కట్టడానికి వచ్చే ఏడాది కూడా డబ్బుండదమ్మా."

"తెలుసండీ."