అంచుదాకా

“ఈ బ్రేకులు ఏదో ఒకరోజు పట్టవు. ఆ రోజు కూడా నేను ఇక్కడే, ఇలాగే నిలబడి ఉంటాను,” అంది ఒడాలిస్ వాకిట్లోంచి.

“అయితే కుర్చీ తెచ్చుకోమ్మా. కాళ్లు లాగేస్తాయి,” అన్నాడు కొడుకు యోయెల్, కారు కింద పడుకుని.

ఆ కారు యోయెల్ నాన్నకంటే వయసులో పెద్దది. అమెరికాలో పుట్టి, సాంతియాగో ఊరి మిట్టపల్లాల్లో ముసలిదైంది. సొంత ఇంజిను ఎప్పుడో పోయింది. ఇప్పుడున్నది ఒక చేపల పడవది. బ్రేకులు మాత్రం పాతవే. వాటిలో పోసే నూనె అంగట్లో దొరకదు కాబట్టి ఒడాలిస్ మొగుడు రిగో ఆముదంలో సారాయి కలిపి తనే తయారు చేస్తాడు. ఆ వీధిలో పాతకార్లు తిప్పే వాళ్లందరికీ అదే దిక్కు.

ఆ బ్రేకు నూనె ఉండేది రమ్ము సీసాలో. ఇంజిను నూనె ఉండేదీ రమ్ము సీసాలోనే. రమ్ము కూడా.

“తాగే ముందు వాసన చూసుకో తమ్ముడూ,” అని తోటి మెకానిక్కు ఫెర్మిన్‌ను ఆటపట్టించేవాడు రిగో. “కడుపులో గేరు పడిందంటే నా పూచీ లేదు.”

ఒడాలిస్‌కు అన్నీ భయాలే. ఫోను మోగితే ఆస్పత్రి గుర్తొచ్చేది. మోగకపోతే శవాల గది. ఏది కాస్త వెలితిగా కనిపించినా నింపేదాకా ఊరుకునేది కాదు. కోబ్రే మాత పటం ముందు దీపంలో నూనె, రేడియేటరులో నీళ్లు, కొడుకు కప్పులో కాఫీ, అన్నీ అంచుదాకా ఉండాల్సిందే. రోజూ పొద్దున యోయెల్ మొహం కడుక్కునేలోగా రొట్టె మధ్యన జామపాకం దట్టంగా పూసి, పొట్లం కట్టి, తనే వెళ్లి కార్లో పెట్టేది. దిష్టి తగలకుండా అద్దానికి కట్టిన ఎర్ర రిబ్బను సరిచేసేది. డ్రైవరు కాళ్ల కింది పట్టా ఎత్తి, పాపం, ఆ బ్రేకులకేసి బెంగగా చూసేది.

“ఇన్‌స్పెక్టరుగారు పాస్ చేశారా? ఇక బయల్దేరొచ్చా?” అనేవాడు యోయెల్, వేళ్లకంటిన జామపాకం నాకుతూ వచ్చే తల్లిని చూసి.

ఆ వారం కారు బరువుగా నడిచింది.

“ఎత్తు ఎక్కేటప్పుడు లాగట్లేదు నాన్నా. గేరు తగ్గించినా మూలుగుతోంది.”

రిగో ఇంజిను విప్పాడు. డీజిలు గొట్టాలు ఊది చూశాడు. ఫిల్టరు కడిగాడు. మళ్లీ బిగించాడు.

“ఇంజిను కాదయ్యా, బ్రేకులు చూడు,” అంది ఒడాలిస్.

“మొన్న చక్రం ఊడుతుందన్నావు. నిన్న రేడియేటరు పేలుతుందన్నావు. ఇవాళ బ్రేకులా? రేపటికి కాస్త మిగుల్చుకోవే!”

అక్కడున్న వాళ్లంతా నవ్వారు. ఒడాలిస్ కూడా నవ్వేసింది.

మర్నాడు బొనియాతో అనే కొండ దిగుతూ కారు మలుపు తిరగలేదు.

యోయెల్‌ను మట్టిలో పెట్టి వచ్చినప్పటి నుంచి రిగో నోరు విప్పలేదు. ఒడాలిస్ నోరు ఆగలేదు. రొట్టెల కొట్టు ముందు వరుసలో చెప్పింది. చర్చి మెట్ల మీద చెప్పింది. “బ్రేకులని మొత్తుకున్నాను. విన్నాడా? ఇంజిను విప్పుకుంటూ కూర్చున్నాడు. నా బిడ్డను తన చేతులతో సాగనంపాడు.”

వీధి నమ్మింది. డ్రైవర్లు తమ కార్లను రిపేరుకు కింది బజారుకు తోలుకుపోసాగారు. రిగో కనబడితే పక్కకి తిరిగేవారు.

నుజ్జయిన కారును లారీ ఒకటి తెచ్చి వాకిట్లో దింపింది. రిగో నలిగిన తలుపు ఊడబెరికాడు. కాళ్ల కింది పట్టా ఎత్తాడు. అడుగున ఉన్న బ్రేకు నూనె డబ్బా మూత తిప్పి తీశాడు. ఆ మూతను చూస్తూ ఉండిపోయాడు. తర్వాత జేబులో వేసుకున్నాడు.

ఒడాలిస్ గుమ్మంలోంచి చూస్తూనే ఉంది.

సాయానికి వచ్చిన ఫెర్మిన్ డబ్బాలోంచి రబ్బరు బిళ్ల బయటికి లాగాడు. పాలలో నానిన రొట్టెలా ఉబ్బి ఉంది. వేలు ముంచి వాసన చూశాడు.

“ఇంజిను నూనె! బ్రేకు నూనెలో ఎవరో ఇంజిను నూనె పోశారు అన్నా. రబ్బరు ఉబ్బింది. తొక్కిన బ్రేకు వదల్లేదు. బండి బరువెక్కింది అందుకే, మనం ఇంజిను అనుకున్నాం. దిగుడులో బ్రేకులు కాలి, నూనె మరిగి, తొక్కితే కాలు నేలకే పోయుంటుంది.” పక్కకి ఉమ్మేశాడు. “పోసిన చేతులు పడిపోను!”

రిగో చేతి సైగతోనే అతన్ని ఇంటికి వెళ్లిపొమ్మన్నాడు.

ఒడాలిస్ మెట్లు దిగి వచ్చింది. చేతులు గౌనుకు తుడుచుకుంటూనే ఉంది.

“సీసాలు నీవి. డబ్బా నీది. నేను మాతకు మొక్కి, వాడికి రొట్టె కట్టి పంపితే, నువ్వు ఏ సీసా ఎత్తుతున్నావో కూడా చూసుకోలేదా?”

రిగో ఒక చేత్తో పనిముట్లు ఏరి పెట్టెలో వేయసాగాడు.

“ఎవరు పోశారు? మాట్లాడవేం?”

ఎదురింటి రేడియోలో ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలైంది. అదీ అయిపోయింది.

“నువ్వేగా? నువ్వేనని చెప్పు, రిగో.”

అతని రెండో చెయ్యి జేబులోనే ఉంది.

“నేనే పోశాను,” అన్నాడు చివరికి రిగో, డబ్బా మూతకు అంటుకుని ఎండిపోయిన జామపాకాన్ని జేబులోనే గోటితో గీకేస్తూ.